బాపు గ్లకోమా (నీటి కాసులు, కంటి నరం పాడయ్యే రోగం) టెస్టులు, నక్కలగుట్ట క్లినిక్: 4 స్టార్లు, ఒకటి ఎందుకు కోసిన్నంటే

పేరు పెడ్తలేను, పెడితే పైసలు తీసుకొని రాసిండంటరు. హన్మకొండ నక్కలగుట్ట దిక్కు కంటి క్లినిక్‌లు మస్తున్నయి, అండ్ల ఒకటి. బాపుకు 62, పరకాల్ల కిరాణం. ఇంటి కడప కనవడక రెండుసార్లు తట్టుకొని పడ్డడు, మేమైతే మోకాళ్లనుకున్నం. అంతకుముందు వేరే కాడ చూపిస్తే గాలి ఊదే మిషిన్‌తోని కంటి లోపలి ప్రెషర్ చూసి 19 ఉన్నది, 21 దాక నార్మలే, అద్దాలు మార్చుకోన్రి అని పంపిండ్రు. ఆర్నెల్లు గట్లనే పోయినయి, గిదే నాకు కోపం.

ఇక్కడ మొదలే కార్నియా, అంటే కంటి ముందటి అద్దమసొంటి పొర, మందం కొలిచిండ్రు. మామూలుగ 540 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటదట, బాపుది 488. పల్చగుంటే మిషిన్ల ప్రెషర్ ఉన్నదానికన్న తక్కువ చూపిస్తదని డాక్టర్ చెప్పిండు, అంటే ఆ 19ని నమ్ముకొని కూసునేది కాదన్నట్టు. తర్వాత కంట్ల పసుపు మందేసి నీలం లైటుతోని కంటికి ఆనించి చూసే గోల్డ్‌మన్‌తోని మల్ల ప్రెషర్ కొలిచిండ్రు, ఓసీటీ అనే కంటి స్కాన్ తీసిండ్రు. ఓసీటీల కంటి నరం చుట్టూ పొర మందం రంగులల్ల వస్తది, పచ్చగుంటే మంచిదే, ఎర్రగుంటే పల్చగైనట్టు. బాపుకు పైభాగం ఎర్రగ వచ్చింది. పైన నరం పోతే చూపు కింద పోతదట, కడప ఎందుకు కనవడలేదో నాకప్పుడు సమజైంది. నీటి కాసులు అంటరు కదా మన దిక్కు, గదే. పోయిన చూపు మల్ల రాదు, ఉన్నది కాపాడుకునుడే.

ఇగ ఫీల్డ్ టెస్టు, అంటే చుట్టుపక్కల చూపు ఎంత దాక ఉన్నదో చూసుడు. ఒక కన్ను మూసి, గడ్డం స్టాండు మీద పెట్టి, నడుమ లైటునే చూస్కుంట పక్కన చుక్క మెరిస్తే బటన్ నొక్కాలె. బాపు చుక్క వచ్చినా రాకున్నా టకటక నొక్కుడే, ఓడిపోతా అన్నట్టు. ఆ టెక్నీషియన్ పిల్ల ఆపి "తాతా, పోటీ ఏం లేదు, కనవడ్డప్పుడే నొక్కున్రి, సగం చుక్కలు ఎవ్వలకైనా కనవడయి" అన్నది. ఉత్తగ నొక్కినయి ఎన్నో షీటు మీదనే పడుతయంట, అవి ఎక్కువుంటే ఆ షీటు పనికిరాదు. పైసలు అడగకుంట, చాయ్ తాగిపిచ్చి మల్ల చేసింది. నాలుగు స్టార్లల్ల రెండు ఆ పిల్లయే.

ప్రెషర్ తగ్గనీకి రాత్రికి లాటనోప్రోస్ట్ అనే కంటి మందు ఒక్క చుక్క. ఏసినంక కన్ను మూసి ముక్కు పక్కన మూల వేలుతోని కొద్దిసేపు ఒత్తి పట్టుకోవాలె, మందు గొంతులకు దిగద్దని, అది గూడ బాపుతోని చేపిచ్చి చూపిచ్చిండ్రు. ఆరు వారాలకు పోతే ప్రెషర్ 13 వచ్చింది. కని ఒక్క షీటుతోని ఏం తేలదు, ఫీల్డు మూడు నాలుగు సార్లు చేస్తెనే ఆగిందా, పోతుందా అన్నది ఎరికైతదన్నరు.

ఇగ కోసిన స్టారు. ప్రెషర్ పొద్దంత ఒక్కతీరుగ ఉండదు, చానమందికి పొద్దుగాల ఎక్కువుంటది. మాకు ప్రతిసారి టోకెన్ పన్నెండు గంటలకే. జర ఎనిమిదింటికి చూడున్రి సార్ అంటే డాక్టర్ పదకొండు ముందు రాడని రిసెప్షన్ల జవాబు. స్విట్జర్లాండ్ల సెన్సిమెడ్ అనే కంపెనీ ట్రిగ్గర్‌ఫిష్ అని లెన్స్ చేసింది, 24 గంటలు కంట్లనే ఉండి కార్నియా ఎంత సాగుతుందో రాసుకుంటది, 2016ల మందులకు, మిషిన్లకు పర్మిషన్ ఇచ్చే అమెరికా ఎఫ్‌డీఏ గూడ ఒప్పుకున్నది. దాంతోని ప్రెషర్ అంకె తెల్వదు, ఏ జాముల ఎక్కుతుందో తెలుస్తది. అట్లాంటిది నేను అడుగుతలేను, వారంల ఒక్కరోజు పొద్దుగాల మనిషిని పెడితే చాలు.

బాపుకుంటే పిల్లలకు వచ్చేదుంటదన్నరని నేను, తమ్ముడు గూడ చూపిచ్చుకున్నం, ఇప్పటికైతే ఏం లేదు. పార్కింగ్ లేదు. కంటిపాప పెద్దగయ్యే మందేస్తే గంటల తరబడి మసకనే, బండి మీద ఒక్కలు పోకున్రి. మేమైతే బస్టాండ్ దాక ఆటోల పోయి పరకాల బస్సెక్కినం.