హాట్‌స్పాట్ మీద నడిచే జిరాక్స్ షాపుకు ఆప్ట్ మేలా, స్నాప్ మేలా?

కావలిలోనో ఒంగోలులోనో పాత కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుని, ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చే డీటీపీ, జిరాక్స్ షాపుల కోసం ఈ పోలిక. ఆప్ట్, స్నాప్ రెండూ ఉబుంటులో ప్రోగ్రాములు దించి, వేసి, అప్‌డేట్ చేసే సాధనాలు. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా, మధ్యమధ్యలో కరెంటు కోత. ఈ రెండింటినీ తట్టుకోవాలి.

మా ఓటు ఆప్ట్‌కే. ఒకే లైబ్రరీని (ఉమ్మడి కోడ్ ఫైలును) పది ప్రోగ్రాములు పంచుకుంటాయి కనుక డౌన్‌లోడ్ చిన్నది. పైగా ఒకసారి దించినదాన్ని పెన్‌డ్రైవ్‌లో పక్క సిస్టమ్‌కు మోసుకెళ్లొచ్చు. కాకపోతే ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ పని అయ్యాక డెబ్ ఫైళ్లను (దించిన ప్యాకేజీలను) చెరిపేస్తుంది. ‘ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్’ అయితే /వార్/కాష్/ఆప్ట్/ఆర్కైవ్స్‌లో ఉంచుతుంది. రెండు సిస్టముల్లోనూ ఉబుంటు వెర్షన్ ఒకటే ఉండాలి, లేకపోతే డిపెండెన్సీల (ప్రోగ్రాముకు తోడుగా కావలసిన ఇతర ప్యాకేజీల) దగ్గర ఆగిపోతుంది.

ఆప్ట్ లోపం కరెంటు దగ్గరే బయటపడుతుంది. అప్‌డేట్ సగంలో సిస్టమ్ ఆగిపోతే ప్యాకేజీలు అరకొరగా మిగులుతాయి. అప్పుడు టెర్మినల్‌లో, ఇంగ్లిష్ అక్షరాల్లో, ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’, ఆ తర్వాత ‘సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’ కొట్టాలి. చాలాసార్లు అంతటితో సర్దుకుంటుంది. యూపీఎస్ లేనిచోట అప్‌డేట్ మొదలుపెట్టకండి.

ఈ ఒక్క విషయంలో స్నాప్ గట్టిది: కొత్తది పూర్తిగా దిగేదాకా పాతది చెక్కుచెదరదు, నచ్చకపోతే ‘స్నాప్ రివర్ట్’తో వెనక్కి వెళ్లొచ్చు. కానీ రోజుకు 4 సార్లు తనంతట తనే అప్‌డేట్లు వెతుక్కుంటుంది. హాట్‌స్పాట్ డేటా మధ్యాహ్నానికే అయిపోవడానికి ఇదో కారణం. వైఫై సెట్టింగుల్లో ఆ కనెక్షన్‌ను ‘మీటర్డ్’గా (డేటా పరిమితి ఉన్నదిగా) పెట్టి, ‘సుడో స్నాప్ సెట్ సిస్టమ్ రీఫ్రెష్.మీటర్డ్=హోల్డ్’ అని ఇవ్వండి. ఉబుంటు 22.04 నుంచి ఆప్ట్‌తో ఫైర్‌ఫాక్స్ అడిగినా వచ్చేది స్నాపే కాబట్టి, ఈ సెట్టింగు అందరికీ అవసరం.

ఇంకో తలనొప్పి: కస్టమర్ పెళ్లిపత్రిక ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెస్తాడు, ఫైల్ మేనేజర్‌లో కనిపిస్తుంది, స్నాప్ ప్రోగ్రాములో మాత్రం తెరుచుకోదు. పెన్‌డ్రైవ్ పాడైందనుకోవద్దు, అనుమతి లేదంతే. ‘సుడో స్నాప్ కనెక్ట్’ తర్వాత ప్రోగ్రాము పేరు, కోలన్, ‘రిమూవబుల్-మీడియా’ రాస్తే చాలు.

ఇలాంటిదే మరో సాధనం ఫ్లాట్‌ప్యాక్‌లో కొత్త వెర్షన్లు త్వరగా దొరుకుతాయి, కానీ మొదటి ప్రోగ్రాముతో పాటు రన్‌టైమ్ (ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఉమ్మడి ఫైళ్లు) వందల ఎంబీలు దిగుతుంది. బ్రాడ్‌బ్యాండ్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఒక్క ప్రోగ్రాము కొత్తది కావాలంటే యాప్‌ఇమేజ్ చాలు. ఇన్‌స్టాల్ అక్కర్లేని ఒకే ఫైలు, ప్రాపర్టీస్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చి డబుల్ క్లిక్ చేయడమే. ఫ్యూజ్ ఎర్రర్ (యాప్‌ఇమేజ్ తెరవడానికి కావలసిన లైబ్రరీ లేదని) వస్తే 22.04లో ‘లిబ్‌ఫ్యూజ్2’, 24.04లో ‘లిబ్‌ఫ్యూజ్2టీ64’ వేసుకోవాలి.