అడ్డుకట్టా, మడుగా, ఉన్న గోడా? ప్రైవేటు డబ్బుతో పోటు కరెంటు తీయాలంటే ఏది మేలు

బ్రిటన్‌లో సెవర్న్ నది సముద్రంలో కలిసే చోట పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టంలో తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది. దానికి గోడ కట్టి కరెంటు తీస్తామని, సర్కారు ఖజానా జోలికి రామని 2010ల్లో రెండు కంపెనీలు ముందుకొచ్చాయి. హాఫ్రెన్ పవర్ అడిగింది వేల్స్ వైపు లావర్నాక్ పాయింట్ నుంచి ఇంగ్లండ్ వైపు బ్రీన్ దాకా నదీముఖం మొత్తానికి అడ్డుకట్ట. టైడల్ లగూన్ పవర్ అడిగింది స్వాన్సీ అఖాతంలో తీరాన్ని ఆనుకుని గుర్రపు నాడా ఆకారంలో గోడ, దాని వెనక ఒక మడుగు. మొదటిదాన్ని 2013లో, రెండోదాన్ని 2018లో ప్రభుత్వం కాదంది. కట్టకపోయినా రెండింటి లెక్కలూ బయటే ఉన్నాయి. వాటి పక్కన దక్షిణ కొరియాలో నడుస్తున్న సిహ్వాను కూడా పెట్టి చూడాలి. అక్కడ గోడ ముందే ఉంది, యంత్రాలు తర్వాత వచ్చాయి.

| | హాఫ్రెన్ అడ్డుకట్ట | స్వాన్సీ మడుగు | సిహ్వా |
|---|---|---|---|
| గోడ పొడవు | 18 కి.మీ. | 9.5 కి.మీ. | 12.7 కి.మీ. (1994 నాటిది) |
| టర్బైన్లు | 1,026 | 16 | 10 |
| సామర్థ్యం | సుమారు 6,500 మె.వా. | 320 మె.వా. | 254 మె.వా. |
| ఏటా యూనిట్లు | 1,650 కోట్లు | 53 కోట్లు | 55 కోట్లు |
| ఖర్చు అంచనా | 2,500 కోట్ల పౌండ్లు | 130 కోట్ల పౌండ్లు | గోడ ఖర్చు వేరే పద్దు |

ముందు నీళ్ల లెక్క

కరెంటు నీటి విస్తీర్ణాన్ని బట్టి పెరుగుతుంది, మట్టంలో తేడాను బట్టి వర్గంలో పెరుగుతుంది. తేడా సగమైతే కరెంటు నాలుగో వంతుకు పడిపోతుంది. చదరపు కిలోమీటరు మడుగును 8 మీటర్ల తేడాతో ఒకసారి ఖాళీ చేస్తే సిద్ధాంతం ప్రకారం సుమారు 89,000 యూనిట్లు. విశాఖ, కాకినాడల్లో లాగా తేడా ఒకటిన్నర మీటరు మాత్రమే ఉంటే అదే మడుగుకి 3,100 యూనిట్లు. అందులోనూ చేతికొచ్చేది మూడో వంతు అటూ ఇటూ. మన తీరంలో ఈ ప్రస్తావన ఎవరైనా తెస్తే ఇంతకు మించి లెక్క అక్కర్లేదు. దేశంలో నీటి మట్టం తేడా గట్టిగా ఉన్నవి గుజరాత్‌లోని రెండు సింధుశాఖలే: ఖంభాత్‌లో సగటున 6.77 మీటర్లు, కచ్‌లో 5.23.

ఇంకో సంగతి. పోటు ప్రతి 12 గంటల 25 నిమిషాలకు వస్తుంది, అంటే రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో దండిగా, అష్టమి నాటికి నీరసంగా. ఎప్పుడు ఎంత వస్తుందో ఏళ్ల ముందే చెప్పొచ్చు గానీ మనకు కావలసినప్పుడు రాదు. అర్ధరాత్రి 6,000 మెగావాట్లు గ్రిడ్ మీద కుప్పగా పడితే ఆ వేళకి దానికి పలికే ధరెంత? స్వాన్సీ మడుగు సైజుకి ఈ బెంగ లేదు.

వడ్డీయే అసలు యంత్రం

ఇంధనం ఉచితం, కాబట్టి కరెంటు ధర దాదాపు పూర్తిగా అప్పు మీదే ఆధారపడుతుంది. ఒక మోటు లెక్క వేద్దాం. 2,500 కోట్ల పౌండ్లు తొమ్మిదేళ్లలో సమానంగా ఖర్చయ్యాయనుకుందాం, 8 శాతం వడ్డీ. మొదటి యూనిట్ అమ్మే నాటికే అప్పు దాదాపు 3,470 కోట్లవుతుంది. దానిమీద ఏటా కట్టే వడ్డీని 1,650 కోట్ల యూనిట్లకు పంచితే యూనిట్‌కు 16.8 పెన్నీలు (పౌండుకు వంద పెన్నీలు), అసలు పైసా తీరకుండానే. వడ్డీ 3 శాతమైతే అదే గోడకు, అవే టర్బైన్లకు 5.1 పెన్నీలు చాలు. తేడా కాంక్రీటులో లేదు, అప్పు ఎవరి పేరు మీద ఉందన్న దాంట్లో ఉంది.

మడుగును నాలుగేళ్లలో కట్టేశారనుకుని అదే లెక్క వేస్తే 8 శాతానికి యూనిట్‌కు 22 పెన్నీల వడ్డీ, 3 శాతానికి 7.7. అంటే యూనిట్ లెక్కన మడుగే ఖరీదు. కారణం సులువు: నదీముఖంలో రెండు ఒడ్లూ ప్రకృతి ఇచ్చిన గోడలే, మడుగుకి చుట్టూ మనమే కట్టుకోవాలి. స్వాన్సీ కంపెనీ మొదట హామీ ధరగా అడిగింది 35 ఏళ్లపాటు యూనిట్‌కు 16.8 పెన్నీలు. తర్వాత 90 ఏళ్ల ఒప్పందం ఇస్తే 9 పెన్నీల దగ్గరికి దిగుతామంది. పోల్చడానికి, హింక్లీ పాయింట్ అణు కేంద్రానికి 2012 ధరల్లో 35 ఏళ్లకు ఒప్పుకున్నది 9.25.

మరి ప్రైవేటు పెట్టుబడిదారుకు మడుగు ఎందుకు నయం? పోయినా 130 కోట్లే పోతాయి, ఆదాయం అయిదారేళ్ల ముందే మొదలవుతుంది. పదహారు టర్బైన్లలో ఏం తేడా వచ్చిందో చూసి రెండో మడుగు కట్టుకోవచ్చు. అడ్డుకట్టలో సగం కట్టి ఆగడమంటూ ఉండదు. పైగా తుపాను ఉప్పెనల నుంచి ఎగువ ఊళ్లను కాపాడటం అడ్డుకట్ట చేసే పెద్ద మేలే గానీ దానికి బిల్లు వేసే దారి కంపెనీకి లేదు.

కట్టే పని

అడ్డుకట్టకు కైసన్లు కావాలి: డ్రై డాక్‌లో పోసిన భారీ కాంక్రీటు పెట్టెలు, వాటిలోనే టర్బైన్ సొరంగాలూ గేట్ల దారులూ ఉంటాయి. ముందు సముద్రం అడుగు తవ్వి, రాళ్లు పరిచి చదును చేస్తారు. అష్టమి పోట్ల రోజుల్లో పెట్టెను టగ్గులతో లాక్కెళ్లి, ప్రవాహం నిలిచే ఆ కాసేపట్లో నీళ్లు నింపి దించాలి, తర్వాత ఇసుకతో బరువెక్కించాలి. ఆ అదను తప్పి పోట్లు పెరగడం మొదలైతే మళ్లీ అష్టమి వచ్చేదాకా పడవలకూ మనుషులకూ ఊరికే కిరాయి. సందు ఇరుకయ్యే కొద్దీ ప్రవాహం జోరెక్కి అడుగు కోసుకుపోతుంది. అందుకే టర్బైన్, గేట్ల కైసన్లు ముందు దించి, వాటి దారులు తెరిచే ఉంచి, మట్టి రాతి కట్టలతో చివర్లో మూస్తారు.

ఫ్రాన్స్‌లోని లా రాన్స్ 1966లో మొదలైంది. 24 టర్బైన్లు, 240 మెగావాట్లు, ఇప్పటికీ ఏటా 50 కోట్ల యూనిట్లు ఇస్తోంది. దాన్ని మాత్రం నీటిని అడ్డగించి, పొడి నేలలో కట్టారు. దాదాపు మూడేళ్లు నదీముఖానికి సముద్రంతో సంబంధం తెగింది. ఉప్పు పోయింది, బురద పేరుకుంది, జీవజాలం చచ్చిపోయింది. తేరుకోవడానికి పదేళ్లు పట్టింది. ఈ రోజుల్లో ఏ అనుమతుల సంస్థా దానికి ఒప్పుకోదు. మడుగు ఇక్కడ స్పష్టంగా మేలు: టర్బైన్ గది చుట్టూ మాత్రం నీరు తోడి కట్టుకోవచ్చు, నది తన దారిన తాను పారుతుంది.

ఒకవైపా, రెండువైపులా?

ఆటు సమయంలోనే తీసే పద్ధతిలో, పోటుకు గేట్లు తెరిచి నింపుతారు, మూస్తారు, బయట సముద్రం దిగేదాకా ఆగి టర్బైన్లు వదులుతారు. నీటి ఎత్తు బాగా దొరుకుతుంది, టర్బైన్లు తక్కువ చాలు. 1989 నాటి సెవర్న్ పథకానికి 216 సరిపోయాయి. నష్టమల్లా ఎగువన నీరు ఎప్పుడూ సగం పైనే నిలిచి, నీటి పక్షులు మేసే బురద నేలల్లో చాలా భాగం శాశ్వతంగా మునిగిపోవడం. హాఫ్రెన్ 1,026కి వెళ్లింది అందుకే: రెండువైపులా, తక్కువ ఎత్తులో, చేపలు బతికేలా నెమ్మదిగా తిరిగే యంత్రాలు. ఆలోచన మంచిదే. కానీ ఆ టర్బైన్ అప్పటికి ఎక్కడా నడిచింది కాదు. నడవని యంత్రాన్ని వెయ్యి చొప్పున కొంటామంటే ఏ బ్యాంకు సంతకం పెడుతుంది?

నడిచిన యంత్రాలే ఏం చేశాయో లా రాన్స్‌లో చూడొచ్చు. నిండు పోటు వేళ అర మీటరు ఎత్తుకు నీళ్లు తోడి, ఆ నీటినే తర్వాత నాలుగైదు మీటర్ల నుంచి దించితే మిగులే. అందుకని టర్బైన్లను పంపులుగానూ వాడారు. పంపుగా స్టార్ట్ చేసిన ప్రతిసారీ పడే కుదుపుకు జనరేటర్ స్టేటర్ల (తిరగకుండా నిలిచి ఉండే భాగాల) బిగింపులు దెబ్బతిన్నాయి. 1970ల మధ్యలో బయటపడిన ఆ లోపాన్ని యంత్రం తర్వాత యంత్రం విప్పి సరిచేయడానికి ఏళ్లు పట్టింది. కొత్త పథకంలో పంపింగ్ పెట్టుకునేవాళ్లు స్టార్టింగ్ పద్ధతిని కొటేషన్‌లోనే రాయించుకోవాలి. ఉప్పునీటి తుప్పుకు కాథోడిక్ రక్షణ (లోహానికి సన్నని కరెంటు పెట్టి తుప్పు ఆపే పద్ధతి) అక్కడ బాగానే పనిచేసింది.

చేపల విషయంలో ఏ గోడకీ మినహాయింపు లేదు. కెనడాలోని అన్నాపోలిస్ కేంద్రం ముందే ఉన్న కట్టలో 1984లో పెట్టిన ఒకే ఒక్క 20 మెగావాట్ల టర్బైన్. చేపలు చస్తున్నాయన్న అభ్యంతరాల నడుమ 2019లో ఆగిపోయింది. సెవర్న్‌లో దీనికి తోడు ఎగువన బ్రిస్టల్ రేవు ఉంది. ప్రతి ఓడా లాకు గుండా పోవాలంటే కలిగే ఆలస్యానికి ఎవరు చెల్లిస్తారో తేలలేదు.

ఉన్న గోడ

సిహ్వా గోడను కట్టింది పొలాలకూ పరిశ్రమలకూ మంచినీటి జలాశయం కోసం. లోపలి నీరు కుళ్లిపోవడంతో ఆ ఆశ వదులుకుని, సముద్రపు నీరు అటూ ఇటూ మారేలా 2011లో కేంద్రం నడిపారు. లోపల పూడ్చిన నేలలు పల్లంలో ఉన్నందున మట్టం పెంచడానికి లేదు. కాబట్టి పోటు లోపలికి వచ్చేటప్పుడే కరెంటు, ఆటుకు ఎనిమిది గేట్ల గుండా ఊరికే వదిలేయడం. ఆటు కరెంటు కన్నా ఇది తక్కువే ఇస్తుంది. అయినా గోడ ఖర్చు పద్దులో లేకపోవడం ఆ లోటును దాటేస్తుంది. నీళ్లు బాగుపడటం అదనం.

ప్రైవేటు సొమ్ముకు నా వరస ఇది: ముందే గోడ ఉన్న చోటు, తర్వాత చిన్న మడుగు, అడ్డుకట్ట ఆఖరున. యూనిట్ ధర చూస్తే అడ్డుకట్ట మడుగు కన్నా మేలే, కానీ 3 శాతానికి అప్పు పుట్టేవాడికి. లా రాన్స్, అన్నాపోలిస్, సిహ్వా మూడూ ప్రభుత్వ సంస్థలు కట్టినవే. ఖంభాత్ సింధుశాఖకు అడ్డంగా గుజరాత్ అనుకుంటున్న కల్పసర్ ఆనకట్టలో పోటు కరెంటు కూడా కలపాలనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. దాని ముఖ్య ఉద్దేశం మంచినీళ్ల నిల్వ. సముద్రపు నీరు టర్బైన్ల గుండా లోపలికి వస్తే ఆ నిల్వ ఉప్పవుతుంది. రెండూ కావాలంటే కరెంటుకు వేరే మడుగు, దానికి వేరే గోడ, ఆ గోడకు వేరే అప్పు.