క్లాసు పద్ధతులు మొదటి వారమే అన్నీ నేర్పాలా, ఒక్కొక్కటిగానా: కొత్త టీచరుకు ఏది మేలు?

కొత్తగా చేరిన టీచరుకు స్టాఫ్‌రూములో రెండు రకాల సలహాలు దొరుకుతాయి. "మొదటి వారం పాఠం జోలికి పోకు, ముందు క్లాసును దారిలో పెట్టుకో" అంటారు ఒకరు. "పాఠం మొదలుపెట్టెయ్, గొడవ వచ్చినప్పుడు చూసుకోవచ్చు" అంటారు ఇంకొకరు. ఇద్దరూ అనుభవమున్నవాళ్ళే. నేను మొదటి ఏడాది రెండో సలహా పాటించాను, రెండో ఏడాది మొదటిది. మూడో ఏడాదికి గానీ నా దారి నాకు దొరకలేదు.

ముందు ఒక తేడా తెలియాలి. నియమం వేరు, పద్ధతి వేరు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినాలి అనేది నియమం. రాసిన నోటుబుక్కు ఎక్కడ పెట్టాలి, పెన్సిల్ మొన విరిగితే ఏం చేయాలి, ఆలస్యంగా వస్తే ఎక్కడ కూర్చోవాలి, ఇవి పద్ధతులు. నియమం తప్పితే కూర్చోబెట్టి మాట్లాడాలి. పద్ధతి మరిచిపోతే మళ్ళీ ఒకసారి చేయిస్తే చాలు. పద్ధతి తెలియని పిల్లవాణ్ణి నియమం తప్పినవాడిలా చూడటం కొత్తలో మనందరం చేసే పొరపాటు.

"అవసరం వచ్చినప్పుడు చూసుకుందాం" అనే దారిలో సుఖం ఉంది. మొదటి రోజే పాఠం నడుస్తుంది, పిల్లలూ హుషారుగా ఉంటారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ అవసరం అందరికీ ఒకే నిమిషంలో వస్తుంది. ఒకరోజు ఆరో తరగతిలో "నోటుబుక్కులు ఇచ్చేయండి" అన్నాను. నలభై మందీ ఒక్కసారి లేచారు. సగం మంది నా బల్ల చుట్టూ మూగారు. వెనక బెంచీలవాళ్ళు ముందువాళ్ళ తలల మీదుగా పుస్తకాలు చాచారు. ఒక పాప పుస్తకం కిందపడి అట్ట చిరిగింది. ఆ పాప ఏడుపు మాన్పించి, ఎవరు తోశారో తేల్చేసరికి పీరియడ్ అయిపోయింది. ఆ రోజు పిల్లల్ని కోప్పడ్డాను. ఎలా ఇవ్వాలో మాత్రం నేను అప్పటిదాకా చెప్పనే లేదు.

మరుసటి ఏడాది ఆ భయంతోనే ఇరవై రెండు పద్ధతులు చార్టు మీద రాసి, మొదటి రోజే అన్నీ చదివి వినిపించాను. పిల్లలు బుద్ధిగా తలలూపారు. మూడో రోజుకు ఒక్కటీ గుర్తులేదు. వాళ్ళ తప్పేం లేదు. విన్నారు గానీ చేయలేదు కదా, చేయనిది ఒంటికి పట్టదు.

ఈ విషయం మీద పరిశోధనలూ ఉన్నాయి. జేకబ్ కౌనిన్ అనే అమెరికన్ పరిశోధకుడు తరగతి గదుల వీడియోలు పరిశీలించి 1970లో తన ఫలితాలు ప్రచురించాడు. అల్లరి జరిగాక టీచరు ఏం చేశారన్న దానిలో, చక్కగా నడిచే క్లాసుకూ గోలగా ఉండే క్లాసుకూ పెద్ద తేడా కనిపించలేదు. తేడా అంతా అల్లరి పుట్టకముందు టీచరు చేసిన పనుల్లోనే ఉంది. 1980లో ఎమ్మర్, ఎవర్ట్‌సన్, ఆండర్సన్ అనే పరిశోధకులు మూడో తరగతి క్లాసులను ఏడాది మొదట్లో గమనించారు. నియమాలు అందరు టీచర్ల దగ్గరా ఉన్నాయి. క్లాసు బాగా నడిపినవాళ్ళు వాటిని పాఠంలాగే నేర్పి, సాధన చేయించారు.

అందుకే నేను రెండింటికీ మధ్య దారి పట్టాను. మొదటి రోజు మూడే: లోపలికి వచ్చి కూర్చోవడం, నిశ్శబ్దానికి గుర్తు, బయటికి వెళ్ళాలంటే అడిగే తీరు. మిగతావి వాటి అవసరం పడే రోజున, ఆ అవసరానికి ఐదు నిమిషాల ముందు నేర్పుతాను. మొదటి గ్రూప్ వర్క్ ఉన్న రోజే బల్లలు జరపడం నేర్పాలి. ముందే నేర్పితే మరిచిపోతారు, గోల అయ్యాక నేర్పితే అది శిక్షలా వినిపిస్తుంది.

నోటుబుక్కుల సంగతికే వస్తే, వెనకనుంచి ముందుకు అందించాలా, పక్కకు అందించాలా? పక్కకే మేలు అంటాను. వెనకనుంచి వచ్చేటప్పుడు ముందువాడికి ఏమీ కనిపించదు. వీపు మీద పుస్తకంతో పొడిస్తే వెనక్కి తిరుగుతాడు, కబుర్లు అక్కడే మొదలవుతాయి. పక్కకు అందిస్తే చేతులు కనిపిస్తాయి, ఏ వరుసలో ఆగిందో నాకూ తెలుస్తుంది. మొదటిసారి ఒక వరుస చేత చేయించి అందరికీ చూపిస్తాను. తర్వాత క్లాసంతా చేస్తుంది. కుదరకపోతే గొంతు పెంచకుండా "మళ్ళీ చేద్దాం" అంటాను. రోజుకు 3 నిమిషాలు మిగిలినా, 200 పనిదినాలకు 600 నిమిషాలు. అంటే 40 నిమిషాల పీరియడ్లు 15! సాధనకు పోయిన పావుగంట గురించి నాకు బెంగ లేదు.

క్లాసును నిశ్శబ్దం చేయడానికి గొంతా, గంటా, చెయ్యి ఎత్తడమా? గొంతు వద్దే వద్దు. మనం అరిస్తే వాళ్ళు దానికి మించి మాట్లాడటం అలవాటు చేసుకుంటారు, సాయంత్రానికి మన గొంతు పోతుంది. గ్రూప్ వర్క్‌లో తలలు వంచుకుని ఉంటారు కాబట్టి అక్కడ గంట మంచిది, కానీ పీరియడ్‌లో పదిసార్లు కొడితే ఎవరూ పట్టించుకోరు. మామూలు సమయాల్లో చెయ్యి ఎత్తి, ఐదు నుంచి ఒకటి దాకా నెమ్మదిగా లెక్కపెట్టడం నాకు బాగా పనిచేసింది. ఏ గుర్తయినా సరే, చివరి గుసగుస ఆగేదాకా నోరు విప్పకూడదు. ముగ్గురు మాట్లాడుతుండగానే మనం మొదలుపెడితే, ఆగక్కర్లేదని మనమే నేర్పినట్టు. ఆ పది సెకన్లు కొత్తలో చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఓర్చుకోండి.

హాజరు ముందా, బోర్డు మీద పని ముందా అంటే బోర్డు మీద పనే. వాళ్ళు రాస్తుంటే మనం హాజరు వేసుకోవచ్చు.

పద్ధతులు టీచరే పెట్టాలా, పిల్లలతో కలిసి పెట్టాలా? మొదటి రోజు అభిప్రాయాలు అడిగితే క్లాసు ఎలా నడుస్తుందో ఇంకా చూడని పిల్లలు పెద్దలకు నచ్చే మాటలే చెబుతారు. కాబట్టి మొదట నేనే పెడతాను. మూడో వారంలో మాత్రం "ఏది కుదరడం లేదు?" అని తప్పకుండా అడుగుతాను. ఒక ఏడాది తలుపు దగ్గర రోజూ తోపులాట జరిగేది. వరుసలో రమ్మని ఎన్నిసార్లు చేయించినా ఆగలేదు. ఒక పాప లేచి, "టీచర్, చెత్తబుట్ట తలుపు పక్కనే ఉంది కదా, పెన్సిళ్ళు చెక్కేవాళ్ళంతా అక్కడే నిలబడుతున్నారు" అంది. బుట్టను వెనక మూలకు జరిపాం. తోపులాట ఆగిపోయింది. నేను బోర్డు వైపు నిలబడి చూస్తున్నన్నాళ్ళూ అది నా కంటికి ఆనలేదు.

ఏడాది మధ్యలో ఉండి, క్లాసు ఇప్పటికే చెదిరిపోయి ఉంటే? అన్నీ ఒకేసారి మార్చబోకండి. మీకు ఎక్కువ సమయం తినేసే పని ఒక్కటి చూసుకోండి, నోటుబుక్కులు ఇవ్వడమో, లోపలికి రావడమో. సోమవారం మొదటి పీరియడ్‌లో, "ఇది నేను సరిగ్గా నేర్పలేదు, ఈ రోజు నేర్చుకుందాం" అని చెప్పి మొదలుపెట్టండి. అది వారం రోజులు నిలిచాక రెండోది.