పడవ క్యాబిన్‌లో టేకు పాడైంది: నూనె మేలా, వార్నిష్ మేలా?

ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవల క్యాబిన్‌లో కనిపించే టేకు గోడలు చాలావరకు గట్టి చెక్క కావు, ప్లైవుడ్‌కి అతికించిన వీనీరే, అంటే పల్చటి టేకు పొరే. అది తరచు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మెషీన్‌తో గట్టిగా సాండింగ్ చేస్తే అడుగున ప్లై బయటపడుతుంది, ఇక బాగుచేయలేం. చేత్తోనే, 180 గ్రిట్ (గరుకు) సాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 220 దగ్గర ఆపండి.

నూనె అయినా వార్నిష్ అయినా, ముందు నీరు ఎక్కడ కారుతోందో పట్టుకోవాలి. కిటికీల అంచులు, చైన్‌ప్లేట్లు (తెరచాప స్తంభాన్ని పట్టే తీగలు బిగించే లోహపు పట్టీలు) డెక్‌లోకి దిగే చోట్లు మొదట చూడండి. నల్లమరకలు చాలావరకు తడి, ఇనుము, చెక్కలోని టానిన్ కలిసి పుట్టినవి. పాత పూతను పూర్తిగా తీసి, లీటరు వేడినీటిలో 80 నుంచి 100 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ కరిగించి, మరక మీదే కాకుండా పలక మొత్తానికీ పట్టించండి. మరక మీదే రాస్తే అక్కడ తెల్లమచ్చ మిగులుతుంది. ఇరవై నిమిషాల తర్వాత కడిగి, వంటసోడా నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఎండిపోయిన యాసిడ్ పొడి ఊపిరితిత్తులకు చెడ్డది, అందుకే బాగా కడగకుండా సాండింగ్‌కి దిగకండి. చెక్క పూర్తిగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది.

నూనె పని తేలిక. గుడ్డతో రాసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేస్తే చాలు. తుడవకపోతే జిగటగా ఉండిపోతుంది. గీత పడితే అక్కడికక్కడే మళ్లీ రాయొచ్చు, పెద్దగా సాండింగ్ అక్కర్లేదు కాబట్టి పల్చటి వీనీర్‌కి ఇది నిజమైన లాభం. కానీ ‘టేకు ఆయిల్’ పేరుతో అమ్మేది టేకు నుంచి తీసింది కాదు, ఎక్కువగా అవిసె నూనె, థిన్నర్ కలిపింది. తేమ నిండిన మూసిన క్యాబిన్‌లో అవిసె నూనె బూజుకు ఆహారం. పైగా ఏళ్లు గడిచేకొద్దీ చెక్క నల్లబడుతుంది. నూనే కావాలనుకుంటే టంగ్ ఆయిల్ కాస్త నయం.

లోపలి పలకలకు మా ఓటు వార్నిష్‌కే. బయట డెక్ మీద వార్నిష్‌ని చంపేది ఎండ. క్యాబిన్‌లో ఆ బాధ లేదు, కిటికీ పక్కన తప్ప. అందుకే బాగా వేసిన పూత ఏళ్ల తరబడి నిలుస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే బూజు పోతుంది. టేకులోని సహజ నూనె వార్నిష్‌ని అంటనివ్వదు కాబట్టి అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే మొదటి పూత వేయాలి. ఆ పూతలో సగానికి సగం థిన్నర్, రెండోదానిలో పావు వంతు, తర్వాతివి దాదాపు చిక్కగానే. మొత్తం నాలుగు చాలు, మధ్యలో 320తో తేలిగ్గా రుద్దాలి. అడుగు పూతలు బాగా మెరిసే గ్లాస్ రకం, చివరిది మాత్రం మెరుపు తక్కువుండే శాటిన్. అన్నీ శాటినే వేస్తే చెక్క గీతలు మసకబారతాయి. ప్లైవుడ్ అంచులు వదిలేస్తే నీరు అక్కడి నుంచే దూరి పూత లేస్తుంది, అక్కడ రెండు పూతలు అదనంగా వేయండి.

ఏళ్లుగా నూనె తాగిన చెక్క మీద నేరుగా వార్నిష్ వేస్తే ఆరదు. గుడ్డకు రంగు అంటడం ఆగేదాకా అసిటోన్‌తో తుడవాల్సిందే. అంత ఓపిక లేకపోతే నూనెతోనే కొనసాగడం మంచిది.

నేల పలకలది వేరే లెక్క. అడుగుల రాపిడికి పాలీయురెథేన్ గట్టిగా నిలుస్తుంది. కింది వైపూ అంచులూ కూడా పూయండి.

ఏ పూతకైనా స్టీల్ ఉన్ని వాడొద్దు, మిగిలిన ముక్కలు తుప్పుపట్టి చుక్కలు తేలతాయి. థిన్నర్, అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున నీరు చేరే బిల్జ్‌లో పేరుకుంటుంది. హాచ్‌లన్నీ (డెక్ మీది తలుపులు) తెరిచి, స్టవ్ ఆర్పేసి, నిప్పురవ్వ పుట్టించే పనేదీ పెట్టుకోకండి. నూనె గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే మంట అంటుకోవచ్చు. వాటిని విడివిడిగా బయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టండి.