పాత పాటల రేడియో: పాట నిండుగా, సిగ్నల్ సన్నగా

తెలుగు పాత పాటలు రేడియోలో వినాలనుకునేవారికి ఇప్పుడు ఉన్న దారులు కొద్దిపాటివే. హైదరాబాద్‌లో 102.8 మెగాహెర్ట్జ్ మీద వచ్చే వివిధ భారతి, జిల్లాల్లోని ఆకాశవాణి ఎఫ్ఎం కేంద్రాలు, ప్రైవేటు ఎఫ్ఎంలు రాత్రి పొద్దుపోయాక కేటాయించే కొంత సమయం, అక్కడక్కడ ఉన్న కమ్యూనిటీ రేడియోలు. వీటిని ఒక సేవగా తీసుకుని, వేసే పాటలను ఒక పక్క, ఆ పాటలు శ్రోత ఇంటిదాకా చేరే తీరును మరొక పక్క ఉంచి చూస్తే, మొదటిదానికి అయిదుకు నాలుగు మార్కులు వేయడానికి నాకు సంకోచం లేదు. రెండోదానికి రెండు వేయడం కూడా కష్టంగానే ఉంది.

పాటల విషయంలో ఆకాశవాణి సంప్రదాయం నేటికీ మిగతావారికంటే ఒక మెట్టు పైనే ఉంది. చిత్రం పేరు, రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు ఎవరో చెప్పి పాట వేయడం అక్కడి పద్ధతి. పాత పాటను ఇష్టపడే శ్రోతకు ఈ నాలుగు ముక్కలూ పాటలో భాగమే. ప్రైవేటు కేంద్రాల్లో ఈ వివరాలు తరచుగా వ్యాఖ్యాత సరదా కబుర్ల మధ్య కొట్టుకుపోతాయి. పైగా వారి లెక్కలో పాతదనం చాలావరకు 1990ల దగ్గరే ఆగిపోతుంది. ఘంటసాల, లీల, జిక్కి, ఎ.ఎం. రాజా గొంతులు అక్కడ వినిపించడం పండుగలకూ వర్ధంతులకూ పరిమితం. అయితే ఆకాశవాణి వైపు కూడా లోపం లేకపోలేదు. అవే కొన్ని పాటలు మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి, అంత పెద్ద భాండాగారం ఉన్న సంస్థ నుంచి అరుదైన పాటలు ఇంకా ఎక్కువగా ఆశించడం అత్యాశ కాదు.

అసలు వివిధ భారతి పుట్టుకలోనే సిగ్నల్ ప్రస్తావన ఉంది. 1952లో సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపుగా పక్కన పెట్టింది. శ్రోతలు సముద్రం అవతలి రేడియో సిలోన్‌కు తిరిగారు. వారిని వెనక్కి రప్పించుకోవడానికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. సిలోన్ ప్రసారం షార్ట్‌వేవ్ మీద, వాతావరణం పై పొరలకు తగిలి వంగి వచ్చేది కనుక వందల కిలోమీటర్ల అవతలి పల్లెల్లో కూడా, గరగరలతోనైనా, అందేది. ఎఫ్ఎం తరంగానికి ఆ వంపు లేదు. ధ్వని స్వచ్ఛత పెరిగింది, చేరే దూరం తగ్గింది.

ఎంత తగ్గిందో లెక్క వేయడం కష్టం కాదు. ఎఫ్ఎం తరంగం దాదాపుగా చూపు మేరకే, అంటే దిగంతం వరకే, నమ్మకంగా పోతుంది. టవరు ఎత్తు 100 మీటర్లయితే ఆ దిగంతం సుమారు 41 కిలోమీటర్లు. కారు మీది ఏంటెన్నాకు ఇంకొక అయిదు కిలోమీటర్లు కలపవచ్చు. ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచితే అంచుల్లో కొంత మెరుగవుతుంది గానీ భూమి గుండ్రదనాన్ని శక్తి జయించలేదు. అందుకు ఎత్తే కావాలి. శక్తి రెట్టింపు చేసినందువల్ల దూరం రెట్టింపు కాదన్న సంగతి కేంద్రాల ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. కొండలు అడ్డు వస్తే లెక్క మరీ మారిపోతుంది. విజయవాడలాగా ఊరి మధ్యనే కొండలున్న చోట ఒక వీధిలో నిండుగా వినిపించే పాట, కొండ నీడలో పడిన పక్క వీధిలో బుసకొడుతుంది. అరకు వైపు ఘాట్ రోడ్డు ఎక్కేవారికి ఈ తేడా మలుపు మలుపుకూ తెలుస్తుంది.

మా ప్రాంతంలోని ఒక స్థానిక కేంద్రం, పేరు ఇక్కడ అనవసరం, తన ప్రచారపత్రంలో జిల్లా పటం మొత్తానికి ఒకే రంగు పూసి, జిల్లా అంతటా వినవచ్చునని చెప్పుకొంటుంది. జిల్లా కేంద్రం పొలిమేర దాటి రెండు పెద్ద ఊళ్లు గడిచేసరికి రాత్రి తొమ్మిది గంటల పాత పాటల కార్యక్రమంలో పల్లవి ఒక్కటే వినిపించి చరణం ఇసుకలో ఇంకిపోతుంది. ఆ కార్యక్రమానికి పాటలు కోరుతూ సందేశాలు పంపేవారిలో పల్లెలవారే ఎక్కువని వ్యాఖ్యాతే తరచుగా చెబుతుంటారు. కోరినవారికే పాట అందకపోవడం ఈ సేవలో నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా తోస్తుంది.

హైదరాబాద్, విజయవాడ మధ్య సుమారు 270 కిలోమీటర్ల రహదారి ఈ విషయానికి మంచి పరీక్షాస్థలం. చౌటుప్పల్ దాటాక హైదరాబాద్ కేంద్రాలు ఒక్కొక్కటిగా పలచబడతాయి. నందిగామ చేరువయ్యేదాకా విజయవాడ కేంద్రాలు గట్టిపడవు. రెండు నగరాల్లోనూ 98.3 మీద ఒకే సంస్థ కేంద్రాలున్నాయి. రెండు సిగ్నళ్లూ బలహీనంగా అందే చోట, ఎఫ్ఎం సెట్టు స్వభావం ప్రకారం, ఏది కాస్త బలంగా ఉంటే అదే వినిపించి రెండోది పూర్తిగా అణగిపోతుంది. కాబట్టి కారు కదిలినకొద్దీ ఒక కేంద్రం నుంచి మరొకదానికి మాటవరసకైనా చెప్పకుండా మారిపోవచ్చు. సముద్రతీరంలో ఉన్నవారికి ఇంకొక వింత తెలిసే ఉంటుంది. గాలి కదలని వేసవి తెల్లవారుజాముల్లో ఎక్కడో దూరనగరపు ఎఫ్ఎం ఉన్నట్టుండి స్పష్టంగా దిగుతుంది, ఎండ ఎక్కగానే మాయమవుతుంది. దాన్ని చూసి మన సెట్టు బాగుపడిందనుకోకూడదు.

అంచు ప్రాంతాల్లో ఉన్నవారికి ఖర్చులేని ఒక ఉపాయం ఉంది. మంచి సెట్లలో, కొన్ని కార్లలో, స్టీరియో (కుడి, ఎడమలకు వేర్వేరు ధ్వని) నుంచి మోనోకు (రెండింటికీ ఒకే ధ్వని) మార్చుకునే వీలుంటుంది. గరగర లేకుండా స్టీరియో వినాలంటే మోనోకంటే సుమారు 20 డెసిబెల్స్, అంటే శక్తిలో వంద రెట్లు, బలమైన సిగ్నల్ కావాలి. 1950ల, 60ల తెలుగు పాటలు అసలు మోనోలోనే రికార్డయ్యాయి కనుక స్టీరియో ఆపేసినందువల్ల వాటిలో పోయేదేమీ లేదు, పోయేది బుస మాత్రమే. పాత పాటల శ్రోతకు కలిసివచ్చిన అదృష్టం ఇది. కొత్త పాటలవారికి ఈ వెసులుబాటు లేదు! ఏంటెన్నా విషయానికొస్తే, ఈ తరంగాలకు సరిపడే పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. చవక సెట్ల కడ్డీ అంతకంటే పొట్టిగా ఉండటం మామూలు. ఒక్కొక్కటి 75 సెంటీమీటర్లున్న రెండు తీగలను ఒకే వరుసలో చాచి డాబా మీద కట్టి, కేబుల్‌తో సెట్టుకు కలిపితే, పల్లెల్లో ఫలితం ఆశ్చర్యపరుస్తుంది. ఫోనులో వినేవారు ఇయర్‌ఫోన్ తీగే ఏంటెన్నా అని గుర్తుంచుకుని దాన్ని ముడి వేయకుండా నిటారుగా వదలాలి.

మీడియం వేవ్‌ను చాలామంది మరిచిపోయారు. 738 కిలోహెర్ట్జ్ మీద 200 కిలోవాట్ల హైదరాబాద్, 837 మీద 100 కిలోవాట్ల విజయవాడ కేంద్రాలు దూరం విషయంలో ఏ ఎఫ్ఎంకూ అందనివి. భూమిని అంటిపెట్టుకుని పోయే తరంగం కావడంతో కొండ నీడలు వీటిని అంతగా బాధించవు. కానీ ఇవి అన్ని రకాల కార్యక్రమాలూ ఇచ్చే ఆకాశవాణి ప్రధాన కేంద్రాలు, పాత పాటలు వీటిలో నిర్ణీత వేళల్లోనే వస్తాయి. ధ్వని కూడా ఇరుకు: కంఠం నిండుగానే ఉంటుంది, వయొలిన్ల మెరుపు మాత్రం తగ్గుతుంది. ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్ చేసే రొదకు మీడియం వేవ్ తొందరగా లొంగిపోతుంది. సెట్టును నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూస్తే ఒక దిశలో ఆ రొద బాగా తగ్గుతుంది, ఎందుకంటే లోపలి ఫెర్రైట్ కడ్డీ కొన్ని దిక్కుల నుంచి వచ్చేదాన్నే గట్టిగా పట్టుకుంటుంది.

ఇక ఇంటర్నెట్టు. ఆకాశవాణి కేంద్రాలను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో దూరంతో నిమిత్తం లేకుండా వినవచ్చు. న్యూజెర్సీలో ఉన్న తెలుగు కుటుంబం వేసవిలో రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం చేస్తూ ఇక్కడి తెల్లవారుజాము ఆరు గంటల భక్తి గీతాలు వినడం ఇప్పుడు సాధ్యమే. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారమైతే గంటకు 29 ఎంబీ దాకా డేటా ఖర్చవుతుంది, అది భారం కాదు. ఆలస్యం ఒక్కటే చిక్కు, యాప్‌లో వినిపించే గంటల మోతను చూసి గడియారం సరిచేసుకోకూడదు. డీడీ ఫ్రీడిష్‌లో కూడా ఆకాశవాణి చానళ్లు వస్తాయి, పల్లెలో టీవీ ఉన్న ఇంటికి ఇదే అన్నిటికంటే నికరమైన దారి. అయినా పొలంలో, బండి మీద, వంటింటి కిటికీలో పని చేసుకుంటూ వినే రేడియోకు టీవీ గానీ యాప్ గానీ పూర్తి బదులు కావు.

ప్రభుత్వం వైపు నుంచి కదలిక లేదనలేము. 2023 ఏప్రిల్ 28న దేశవ్యాప్తంగా 91 కొత్త ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి ప్రారంభమయ్యాయి. అయితే వాటి శక్తి ఒక్కొక్కటి 100 వాట్లే, ఒక పట్టణం, దాని చుట్టుపక్కల ఊళ్లు, అంతవరకే. కమ్యూనిటీ రేడియోలకు కూడా నిబంధనల ప్రకారం మామూలు పరిమితి 100 వాట్లే, ఏంటెన్నా ఎత్తు 30 మీటర్లు దాటరాదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 నగరాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో మన రెండు రాష్ట్రాల పట్టణాలూ ఉన్నాయి. వేలంలో డబ్బు పెట్టినవారు పాత పాటలకు పగటివేళ ఇస్తారని నాకు పెద్దగా ఆశ లేదు. ఆకాశవాణే తన జిల్లా ఎఫ్ఎం కేంద్రాలకు ఎత్తైన టవర్లు ఇచ్చి, సాయంత్రం రెండు గంటలు పాత పాటలకు వదిలితే ప్రయోజనం ఎక్కువ.

అంతవరకు నా సలహా ఇది. నగరంలో ఉన్నవారికి మామూలు ఎఫ్ఎం సెట్టు చాలు. టవరుకు ముప్ఫై, నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవారు కొనేముందు మోనో మీట, పొడవైన కడ్డీ, బయటి ఏంటెన్నా తగిలించే రంధ్రం, మీడియం వేవ్ బ్యాండు ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసి, వీలైతే దుకాణంలో కాక ఇంటికి తెచ్చి వినిపించుకున్నాకే డబ్బు కట్టడం మంచిది. అంతకంటే దూరంలో ఉన్నవారు ఎఫ్ఎం కోసం ఖరీదైన సెట్టు కొనవద్దు. ఆ డబ్బుతో ఫోనుకు జతపడే చిన్న స్పీకరు కొనుక్కుంటే వివిధ భారతి నిండుగా వినవచ్చు.