పారిస్ పెద్ద షాపులు: గంటన్నరలో చూసేవి కావు

పారిస్ ప్యాకేజీ టూర్ కాగితంలో "షాపింగ్: గంటన్నర" అని ఒక లైను ఉంటుంది. ఒపెరా నాటకశాల దగ్గర బస్సు దింపి, ఫలానా టైముకి ఇక్కడికే వచ్చేయండి అని చెప్పేసి గైడు వెళ్ళిపోతాడు. మనవాళ్ళు గలరీ లాఫయెత్ షాపులో అడుగుపెట్టగానే సెంటు సీసాల దగ్గర చిక్కుకుపోతారు. మిగిలిన టైమంతా పన్ను వాపసు (కొన్న ధరలోని పన్నుని విదేశీ పర్యాటకులకి తిరిగివ్వడం) కాగితాల క్యూకే సరిపోతుంది. నెత్తిమీద ఉన్న గోపురాన్ని తలెత్తి చూడకుండానే మళ్ళీ బస్సెక్కేస్తారు. లక్షలు పోసి వెళ్ళినవాళ్ళకి ఇలా జరగడం చాలా అన్యాయం. ఈ షాపులకి విడిగా ఒక పూట పెట్టుకోవాలి. తిరగడానికీ, గలరీ లాఫయెత్ డాబా ఎక్కడానికీ పైసా తీసుకోరు.

గలరీ లాఫయెత్‌కి మెట్రో 7 లేదా 9వ లైను పట్టుకుని షోస్సే దాంతాఁ స్టేషన్‌లో దిగాలి. 2025లో మెట్రో టికెట్ 2.50 యూరోలు, దాన్ని నింపుకునే కార్డుకి ఇంకో 2 యూరోలు. 1894లో ఇది చిన్న కొట్టు. 1912 కల్లా 43 మీటర్ల ఎత్తున రంగుటద్దాల గోపురం లేచింది. ఆ అద్దాల పని జాక్ గ్రూబెర్‌ది. గోపురాన్ని కింద నిలబడి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. ఎస్కలేటర్ మీద మూడో అంతస్తుకో నాలుగో అంతస్తుకో వెళ్ళి, బాల్కనీ అంచున నిలబడి చూడండి. అక్కణ్ణుంచి ఇనుప తీగల అల్లిక, బంగారు పూత, ఎదుటి బాల్కనీల వంపు అన్నీ ఒకేసారి కళ్ళబడతాయి. మధ్యలో లూయీ మజొరెల్ చేసిన గొప్ప మెట్లవరస ఒకటి ఉండేది. అమ్మే జాగా కోసం 1974లో తీసేశారు. ఇంత శ్రద్ధగా కట్టిన భవనంలో అలాంటి పని చేయడం ఇప్పటికీ మింగుడుపడదు.

పై డాబా మీద నుంచి ఒపెరా భవనం వెనక భాగం చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా ఉంటుంది. దూరంగా ఈఫిల్ టవర్, ఇంకో పక్క మోంమార్త్ గుట్ట మీది తెల్లటి చర్చి కనిపిస్తాయి. 1919 జనవరి 19న జూల్ వెద్రీన్ అనే పైలట్ ఈ కప్పు మీదే విమానం దించి 25,000 ఫ్రాంకుల బహుమతి గెలుచుకున్నాడు. ఆ జాగా చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు. ఎండ దిగే వేళ జనం ఎక్కువ, పొద్దున షాపు తెరవగానే వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది.

పక్కనే ప్రాంతాఁ అనే ఇంకో పెద్ద షాపు. 1865లో పెట్టారు, 1881లో ఒకసారి, 1921లో మరోసారి కాలిపోయి మళ్ళీ లేచింది. ఇక్కడి అద్దాల గోపురం 1923 నాటిది. ఓపిక ఉంటే చూడండి.

పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం నా ఓటు బోన్ మార్షే షాపుకే. 10, 12 లైన్లలో సెవ్ర్ బాబిలోన్ స్టేషన్ దగ్గర. తోపులాట తక్కువ. ఎదురుగానే పార్కు ఉంది, మోకాళ్ళ నొప్పులవాళ్ళు బెంచీ మీద కూర్చోవచ్చు. ఆ పార్కు పేరు బూసికో. 1852లో ఈ కొట్టులో భాగస్వామిగా చేరి దీన్ని మహా దుకాణంగా మార్చింది అరిస్తీద్ బూసికోనే. వస్తువు మీద ధర రాసి పెట్టడం, బేరం లేకపోవడం, నచ్చకపోతే వాపసు తీసుకోవడం, కొనకపోయినా లోపల తిరగనివ్వడం ఇక్కడే ఆచారంగా పాతుకున్నాయి. పార్కులో ఉన్న విగ్రహం ఆయన భార్య మార్గరీత్‌ది. ఉద్యోగులకి పొదుపు నిధి 1876లోనే పెట్టిన షాపు ఇది. పక్క భవనంలో తిండి విభాగం ఉంది. జామ్, ఆవాల ముద్ద, చాక్లెట్లు ఇంటికి తేవడానికి అక్కడ కొనడం మంచిది. జామ్, ఆవాల ముద్ద సీసాలు చేతి సంచిలో పెడితే ఎయిర్‌పోర్టు తనిఖీలో తీసి పారేస్తారు, పెద్ద సూట్‌కేసులో సర్దాలి.

నది ఒడ్డున ఉన్న సమరితేన్ షాపు 2005లో మూతపడి 2021 జూన్‌లో తెరుచుకుంది. పై అంతస్తులో గాజు కప్పు కింద నెమళ్ళ చిత్రం చూసి వచ్చేయండి. ధరలు మనకి అందేవి కావు.

తక్కువలో కొనాలంటే ఏటా జనవరిలోనూ, జూన్ చివర్లోనూ మొదలయ్యే సోల్ద్ (తగ్గింపు అమ్మకాల) రోజుల్లో వెళ్ళాలి. తేదీలు ప్రభుత్వమే ప్రకటిస్తుంది, నాలుగు వారాలు నడుస్తాయి. మొదటి వారం సైజులన్నీ దొరుకుతాయి కానీ తగ్గింపు తక్కువ. చివరి వారం తగ్గింపు ఎక్కువ, మన సైజు మాత్రం ఉండదు. కార్డు మెషిన్ రూపాయలా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటులో దెబ్బ తగులుతుంది.

ఇక డబ్బు పోయేదంతా పన్ను వాపసు దగ్గరే. ఒకే షాపులో మూడు రోజుల లోపు 100 యూరోలు దాటి కొంటేనే వస్తుంది. వయసు 16 నిండాలి, అసలు పాస్‌పోర్టు చూపాలి. పన్ను 20 శాతం కదా అని 200 యూరోల వస్తువుకి 40 వస్తాయనుకోకండి. ఆ ధరలో ఉన్న పన్ను 33 యూరోల చిల్లర. అందులోంచి వాపసు కంపెనీ తన కమిషన్ కోసుకుంటుంది. పెద్ద షాపుల్లో చేతికి వచ్చేది 12 శాతం దగ్గర, అంటే 24 యూరోలు. అక్కడే నగదు తీసుకుంటే హామీగా క్రెడిట్ కార్డు అడుగుతారు. తర్వాత షాపువాళ్ళు రాసిచ్చిన వాపసు ఫారం ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో చెల్లకపోతే ఆ డబ్బు కార్డులోంచి లాగేసుకుంటారు. ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో చదువుకుంటున్న మేనల్లుడి పేరు మీద ఫారం రాయించకండి. యూరోపియన్ యూనియన్‌లో నివాసం ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు.

ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు చెక్‌ఇన్ చేయకముందే పాబ్లో అనే మెషిన్ దగ్గరికి వెళ్ళి ఫారం మీది బార్‌కోడ్ చూపించాలి. పచ్చ తెర వస్తే పని అయిపోయినట్టే. ఎర్ర తెర వస్తే పక్కనున్న కస్టమ్స్ కౌంటర్‌కి సామాను, పాస్‌పోర్టు, టికెట్ పట్టుకుని వెళ్ళాలి. సామాను చూపించమంటే చూపించాల్సిందే. చెక్‌ఇన్ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. "ఎయిర్‌పోర్టులో చూసుకుందాం" అనే గైడు మాట నమ్మి పోగొట్టుకునేది ఇక్కడే. మామూలు కంటే గంటన్నర ముందుగా బయల్దేరండి.

పారిస్ తర్వాత ఇటలీ వెళ్ళి అక్కణ్ణుంచి ఇండియా వచ్చేవాళ్ళు ఇటలీ ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఈ ఫారాలకి ముద్ర వేయించుకోవాలి. బస్సులో స్విట్జర్లాండ్ దాటి జ్యూరిక్‌లో ఫ్లైట్ ఎక్కేవాళ్ళు సరిహద్దు కస్టమ్స్ దగ్గర బస్సు ఆపాలని బయల్దేరేముందే డ్రైవర్‌తో ఖరారు చేసుకోవాలి. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు కాబట్టి జ్యూరిక్‌లో ఆ ముద్ర పడదు. లండన్ రైలెక్కేవాళ్ళు గార్ ద్యు నోర్ స్టేషన్‌లోనే, సామాను చేతిలో ఉండగా ఆ పని ముగించుకోవాలి. లండన్ షాపుల్లో కొని ఇంటికి మోసుకొచ్చే వస్తువులకైతే 2021 నుంచి పన్ను వాపసే లేదు. రెండు ఊళ్ళూ తిరిగేవాళ్ళు ఖరీదైనవి పారిస్‌లోనే కొనుక్కోండి.