టోపీల కోసం చేయించిన అద్దాల బీరువా, ఎనిమిది నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, అయిదుకి మూడు మార్కులు. డబ్బులు దండగని అనను, కానీ 26,000 పోసి టోపీల కోసమే చేయించుకున్న బీరువాలో ఇంట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద టోపీ పట్టకపోతే కడుపు మండదా?

నా దగ్గర ఇప్పుడు 63 టోపీలున్నాయి. ఒకప్పుడు వందకి దగ్గర్లో ఉండేవి. మాది బెజవాడ సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద నీళ్లు లోపలికి వచ్చేసరికి మంచం కింద అట్టపెట్టెల్లో దాచుకున్నవన్నీ మునిగిపోయాయి. బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద కొన్న క్రికెట్ టోపీలు ఉతికితే కొన్ని తేరుకున్నాయి గానీ, కులూ నుంచి తెచ్చుకున్న ఊలు టోపీ, అస్సాంలో వెదురుతో అల్లిన జాపీ, రెండూ పారేయాల్సి వచ్చింది. బతికినవి చాలావరకు అటక మీదవే. వాటిని అటక ఎక్కించింది నేను కాదు, అమ్మ. "ఇల్లంతా టోపీలేంట్రా, పగటి వేషగాళ్ల బిడారులాగా" అని తిట్టి పైకి తోసేసింది. మా తాతయ్య సోలా టోపీ కూడా వాటిలోనే ఉంది. ఆయన కాలవల మీద ఓవర్సీరుగా చేశారు, ఆ టోపీ పెట్టుకుని సైకిలు మీద గట్టెమ్మట తిరిగేవారట. సోలా టోపీ లోపలంతా జీలుగు బెండే, చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు, నీళ్లు తగిలితే మాత్రం పీల్చేసుకుని రూపం పోతుంది. ఒక్క రోజు తడిసినా ఇవాళ దాని గురించి రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

సరే, ఆ తర్వాత పట్టుదల వచ్చింది. మొదట ఆన్‌లైన్‌లో గోడకి అంటించే కొక్కేలు తెప్పించా, పన్నెండు ఉన్న ప్యాకెట్టు. బెజవాడ గోడకి, అందులోనూ వరద నీళ్లు తాగిన గోడకి అవేం ఆగుతాయి, నెల తిరక్కుండానే సున్నంతో సహా ఊడి వచ్చాయి. అయినా గుడ్డ టోపీలకైతే కొక్కెం పరవాలేదు గానీ ఫెల్టు టోపీని (ఊలు లాంటి బొచ్చుని నేయకుండా ఒత్తి చేసేది) కొక్కేనికో మేకుకో తగిలించకండి, ఆ మొన తగిలిన చోట లోపల్నుంచి బుడిపె లేస్తుంది, తర్వాత ఆవిరి పట్టినా పూర్తిగా పోదు.

అప్పుడు వన్ టౌన్ వైపు ఒక ఫర్నిచర్ షాపులో మాట్లాడాను. పేరు రాయను, పని మరీ అంత చెడ్డది కాదు, ఆ ఆచారిగారు మనిషి కూడా మంచివాడు. నేను చెప్పింది విని "టోపీలకి బీరువా ఏంటి సార్, బట్టల బీరువాలో ఒక అర చాలదా" అన్నారు. నేను ఫోటోలు చూపించాను, ఆయన ఫోటోలు చూశారు, ఇద్దరం తలలూపుకున్నాం. తప్పంతా అక్కడే జరిగింది. ఫోటోలు కాదు, టోపీలే సంచీలో వేసుకుని వెళ్లాల్సింది.

ఆయన మామూలుగా పుస్తకాల బీరువాకి పెట్టే 12 అంగుళాల లోతు పెట్టేశారు. ముందు చూరున్న మామూలు క్రికెట్ టోపీ పొడవు పది, పదకొండు అంగుళాలు, అది హాయిగా కూర్చుంటుంది. కానీ డల్లాస్‌లో ఉన్న మా బావ తెచ్చిన కౌబాయ్ టోపీ ముందు అంచు నుంచి వెనక అంచు దాకా 15 అంగుళాలు. అడ్డంగా తిప్పి పెడితే అద్దం తలుపుకి అంచు ఆనుకుని వంగిపోతుంది. లోతు 16 పెట్టమని ముందే చెప్పి ఉంటే ప్లైవుడ్‌కి ఇంకో వెయ్యో రెండు వేలో అయ్యేది, అంతే. ఎవరైనా చేయించుకుంటే ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మీ దగ్గరున్న అన్నిటికంటే వెడల్పాటి టోపీని టేపు పెట్టి కొలిచి దానికి ఒక అంగుళం కలపండి. అర ఎత్తు ఎనిమిది అంగుళాలు చాలు, అంతకు మించి పెడితే చోటు దండగ.

బాగా చేసింది కూడా చెప్పాలి. ప్లైవుడ్ ఐఎస్ 710 వాడతానని మాటిచ్చారు, అంటే పడవలకి వాడే రకం, నీళ్లకి విచ్చుకోదు. మామూలు ఇళ్లలో బీరువాలకి ఎక్కువగా ఐఎస్ 303 వేస్తారు, అది కాస్త చెమ్మ తట్టుకుంటుంది గానీ నీళ్లలో నానితే పొరలు పొరలుగా లేస్తుంది. మా పాత టీవీ స్టాండు అలాగే లేచింది కాబట్టి నేను షీటు కోయకముందే వెళ్లి ముద్ర చూసి వచ్చాను. ఆయన ఏమీ అనుకోలేదు. కోతలు, జాయింట్లు, తలుపుల జారుడు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

వాసన మాత్రం చంపేసింది. సన్‌మైకా అంటించిన జిగురు వాసన మూడు వారాలు పోలేదు. ఊలు, ఫెల్టు ఏ వాసన తగిలినా పట్టేసుకుంటాయి, తొందరపడి పెట్టకండి, తలుపులు తెరిచి ఫ్యాను కింద వదిలేయండి. నేను ఆత్రం ఆగక రెండు పెట్టేశాను, వాటిని నెత్తిన పెట్టుకుంటే ఇప్పటికీ రంగుల షాపులో నిలబడినట్టే ఉంటుంది.

ఎండాకాలం బాగానే గడిచింది. జూలై, ఆగస్టు వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. దుమ్ము రాకూడదని నేనే అద్దం తలుపులు బిగుతుగా పెట్టించాను కదా, లోపల గాలి ఆడక బావ తెచ్చిన ఇంకో టోపీ లోపలి తోలు పట్టీ మీద తెల్లగా బూజు. ఫోన్ చేస్తే ఆచారిగారు "దుమ్ము రాకూడదన్నది మీరే కదా సార్" అన్నారు. నిజమే, ఏం మాట్లాడతాం. మర్నాడు వచ్చి వెనక చెక్కకి పైన నాలుగు, కింద నాలుగు కన్నాలు వేసి దోమల జాలీ కొట్టి వెళ్లారు, డబ్బులు తీసుకోలేదు. అప్పట్నుంచి బూజు లేదు. నీలం రంగు సిలికా జెల్ పొట్లాలు కూడా అరకొకటి పెట్టాను, చెమ్మ పీల్చాక గులాబీ రంగుకి తిరుగుతాయి, తిరిగితే మార్చేయడమే.

లైట్ల గురించి ఎక్కువ చెప్పను. ఎల్ఈడీ పట్టీ వేయించాను, చుట్టాలు వస్తేనే వేస్తాం. రోజంతా వెలుగు పడితే రంగు వెలిసిపోతుంది, అసలే బీరువా పడమటి కిటికీకి ఎదురుగా లేకుండా చూసుకున్నది అందుకే.

తలల సంగతి చెప్పాలి, దీనికి పడ్డంత తిప్పలు బీరువాకి కూడా పడలేదు. ఫెల్టు టోపీని అంచు మీద కూర్చోబెడితే కొన్నాళ్లకి అంచు వంపు పోయి అప్పడంలా అయిపోతుంది. అయితే తిరగేసి నెత్తి భాగం మీద నిలబెట్టాలి, లేదంటే లోపల తలలాంటిది ఏదైనా ఉండాలి. తిరగేస్తే చూడ్డానికి ఏముంటుంది, బిచ్చమెత్తుకునే గిన్నెల్లా ఉంటాయి. అందుకని విగ్గులకి వాడే థర్మోకోల్ తలలు కొన్నాను. ఊలుకి పురుగు పట్టకుండా అమ్మ పక్కనే కలరా ఉండలు పడేసింది. ఉండ ఆనిన చోటల్లా థర్మోకోల్ మెత్తబడి గుంటలు పడ్డాయి, ఒక తలకి సరిగ్గా కన్ను దగ్గర పడింది, రాత్రి చూస్తే జడుపు. ఇప్పుడు ఉండల్ని గుడ్డలో మూటకట్టి విడిగా ఒక మూలన పెడుతున్నాం.

కొండపల్లి వెళ్లి పొణికి చెక్కతో తలలు చెక్కిస్తే ఎలా ఉంటుందా అని కూడా అనిపించింది, తేలికైన చెక్క, టోపీకి బాగుండేది. అక్కడ అడిగితే "బొమ్మలకే కర్ర దొరకట్లేదు బాబూ" అన్నారు. ఆ మాట విన్నాక మళ్లీ అడగబుద్ధి కాలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక వెల్డర్ అన్న నిలువు కడ్డీకి కింద చదును రేకు, పైన బోర్లించిన గిన్నెలాంటిది అతికించి ఒక్కోటి 110 చొప్పున పదిహేను చేసిచ్చాడు. ఆ గిన్నె మీద పాత బనీను గుడ్డ చుట్టాను. మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన ఖర్చు ఇదొక్కటే, దీనికి అయిదుకి అయిదు.

బావ తెచ్చిన పనామా టోపీ ఒకటి మిగిలింది. పేరే పనామా గానీ అది అల్లేది ఈక్వడార్‌లో, ఆ అల్లికని 2012లో యునెస్కో కూడా వారసత్వ జాబితాలో చేర్చింది. గడ్డి బాగా ఎండిపోతే ముందు మడత దగ్గర పుటుక్కున చిట్లుతుంది, అందుకని దాన్ని పై అరలో, సిలికా పొట్లం లేని చోట పెట్టాను. నెత్తి దగ్గర పట్టుకుని ఎత్తకూడదు, రెండు చేతులతో అంచు పట్టుకోవాలి. మా పిన్ని కొడుక్కి ఇది ఎన్నిసార్లు చెప్పానో.

తాతయ్య టోపీ మాత్రం బీరువాలోకి రాలేదు. అటక మీద నుంచి దించడానికి అమ్మ ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా అడగలేదు. ఇంకోటి, బీరువాలో కింది రెండు అరల్లో నేను ఏమీ పెట్టలేదు. వరదప్పుడు మా గోడ మీద నీళ్ల గీత ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలుసు. ఖాళీగా ఉన్నాయి కదా అని అమ్మ వాటిలో ఆవకాయ జాడీలు, మాగాయ జాడీలు సర్దేసింది. వచ్చినవాళ్లు లైటు వేయగానే ముందు వాటినే చూస్తున్నారు.